నార్ఫోక్ పల్లెలో పాత మనుషుల్ని వెతకబోయే ముందు

చి.ల.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ కూతుర్ని లెస్టర్‌లో చదువుకి దించి రావడానికి వెళ్తున్నావనీ, పనిలో పనిగా మీ నాన్న డాక్టరుగా చేసిన నార్ఫోక్ పల్లెకు కూడా వెళ్లి, మీ పక్కింటావిడనీ, నీతో ఆడుకున్న ఆవిడ మనవరాలినీ వెతకాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేనూ ఇంగ్లండ్‌లో ఉన్నన్నాళ్లూ పల్లెల్లోనే పనిచేశాను. ఇక్కడికి వచ్చేశాక ఉత్తరాలు తెగిపోయిన వాళ్లలో కొందర్ని మళ్లీ కలుసుకోగలిగాను. అందుకే నాకు తెలిసినవి రాస్తున్నాను.

ముందు ఫోను పక్కన పెట్టి కాగితం తీసుకో. మీ ఇంటి పేరేంటి (అక్కడి పల్లెల్లో చాలా ఇళ్లకు నంబర్లుండవు, పేర్లే), ఎదురుగా ఏముండేది, స్కూలు బస్సు ఎక్కడ ఆగేది, చర్చి గంట ఎటువైపు నుంచి వినపడేది, ఇవన్నీ రాయి. గూగుల్‌లో ఇప్పటి వీధి చూసింతర్వాత రాద్దామనుకోకు. ఒకసారి ఆ ఫొటో చూశావంటే ఇక అదే కళ్ల ముందు నిలుస్తుంది, ఏడేళ్లప్పుడు నువ్వు చూసింది చెరిగిపోతుంది. ఊళ్ల పేర్లు మాత్రం చెవిన పడ్డట్టే ఉంటాయనుకోకు. మీ నాన్న "విండమ్ వెళ్లొస్తా" అనే ఊరు బోర్డు మీద "వైమండ్‌హామ్" అని చదివేలా ఉంటుంది. పాత వీధులు చూడాలంటే స్కాట్లాండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పాత మ్యాపులు కూడా ఉన్నాయి, ఉచితమే.

పక్కింటావిడ పూర్తి పేరు తెలియదన్నావట. దానికి దారి ఓటర్ల జాబితా. కామన్వెల్త్ దేశాల వాళ్లకు అక్కడ ఓటుంటుంది కాబట్టి మీ అమ్మానాన్నల పేర్లు కూడా అందులో ఉండాలి. నారిచ్‌లో పాత కాగితాలు భద్రపరిచే నార్ఫోక్ రికార్డ్ ఆఫీసుకు ముందుగా రాసి, మీరున్న సంవత్సరం, ఊరు చెప్పి పాత జాబితా చూస్తామని అడుగు. పల్లెల జాబితాలు కొన్ని ఇంటి వరసలో కాకుండా ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఉంటాయి, అలాంటప్పుడు ఎదురుగా ఉన్న చిరునామాలు చూసుకుంటూ పోవాలి. మీ అమ్మ పేరు అచ్చులో కనపడినప్పుడు ఒక ఫొటో తీసి పంపు, తనకి చూపిస్తాను. జనాభా లెక్కల జోలికి వెళ్లి టైము పాడుచేసుకోకు. వందేళ్లు దాటితే గానీ వాటిని తెరవరు, ఇప్పటికి 1921 దాకానే చూడొచ్చు.

మనవరాలి సంగతి వేరు. పెళ్లయ్యాక అక్కడ చాలామంది ఆడవాళ్లకు ఇంటిపేరు మారుతుంది. దేశంలో నమోదైన పెళ్లిళ్ల సూచికలో 1912 నుంచి ఇద్దరి ఇంటిపేర్లూ ఉంటాయి కాబట్టి పుట్టింటి పేరుతో వెతికితే కొత్త పేరు దొరకొచ్చు. ఆ అమ్మాయి ఆ ఊళ్లోనే ఉంటుందని మాత్రం ఆశపడకు. 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లు (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేవి) అందులో ఉన్నవాళ్లే కొనుక్కున్నారు, తర్వాత అవి చేతులు మారాయి. నగరాల వాళ్లు సెలవులకని పల్లెల్లో ఇళ్లు కొనడంతో ధరలు పెరిగి, అక్కడ పుట్టిన పిల్లలకే అక్కడ ఇల్లు అందకుండా పోయింది. చుట్టుపక్కల సంత జరిగే టౌన్లలో, స్వాఫమ్‌లోనో, డెరెమ్‌లోనో వెతుకు.

కాగితాలు పేర్లే చెప్తాయి. మనుషుల్ని చూపించేది మనుషులే. ప్రతి పారిష్ కౌన్సిల్‌కూ (మన పంచాయతీ లాంటిది) ఒక క్లర్క్ ఉంటారు, చిరునామా ఊరి నోటీసు బోర్డు మీదే ఉంటుంది. చర్చి పనులు చూసుకునే వార్డెన్ ఉంటారు. వికార్‌కి, అంటే చర్చి ఫాదరీకి, ఇప్పుడు నాలుగైదు ఊళ్లు చూసుకోవాల్సి వస్తోంది కాబట్టి వార్డెన్‌కే రాయి. అంతకంటే ముఖ్యం, మీ నాన్న సర్జరీలో (అక్కడ డాక్టరు క్లినిక్‌ని అలాగే అంటారు) మందులిచ్చిన అమ్మాయి. మందుల షాపు మైలుకు పైగా దూరమున్న వాళ్లకి డాక్టరే మందులూ ఇచ్చేవాడు, ఇప్పటికీ ఇస్తారు. ఆ కిటికీ దగ్గర పనిచేసిన మనిషికి ఊళ్లో తెలియని గడప ఉండదు. అయితే సర్జరీకి ఫోన్ చేసి పేషెంట్ల గురించి అడగకు, చెప్పరు, చెప్పకూడదు కూడా. మీ నాన్న దగ్గర పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, నా నంబరు వాళ్లకి ఇస్తారా అని అడుగు.

మీ పక్కింటావిడ గురించి నాకు తెలిసింది ఒకటుంది, అది నీకు పనికొస్తుంది. ఒక ఎండాకాలం మీ ఇంట్లో వారం రోజులున్నాను. ఆవిడ వెనకవైపు మెట్టు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, తొక్కలు ఏప్రన్‌లోనే పోగుచేసుకుంటూ నాతో మాట్లాడేది. పుట్టింది టాటింగ్టన్‌లోనట. 1942లో సైన్యం శిక్షణ కోసమని ఆ ఊరినీ, పక్కనున్న స్టాన్‌ఫర్డ్, వెస్ట్ టాఫ్ట్స్ లాంటి ఊళ్లనీ ఖాళీ చేయించింది. వాళ్లని మళ్లీ రానివ్వలేదు. చర్చి ఇంకా నిలబడే ఉంది గానీ అది సైన్యం హద్దుల్లో ఉంది. "మా అమ్మ ఇల్లు తుడిచి, తాళం వేసి మరీ వచ్చింది" అంటూ గింజలు గిన్నెలో వేసింది. ఆవిడ ఇప్పుడుండే వయసు కాదు, నువ్వు మనసు సిద్ధం చేసుకునే వెళ్లు. కానీ టాటింగ్టన్‌లో పుట్టిన మనిషి అంటే ఆ ప్రాంతం చరిత్ర సంఘం వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. ఉత్తరంలో ఆ మాట తప్పకుండా రాయి.

ఉత్తరమంటే కాగితం మీదే. ఒక పేజీ దాటనివ్వకు. మీ నాన్న పేరు, మీరున్న ఇంటి పేరు, ఉన్న సంవత్సరాలు ముందే చెప్పు, ఎందుకంటే తెలియని మనిషి ఉత్తరమంటే డబ్బు కోసమేమోనని అక్కడ భయపడతారు. జవాబివ్వాలనిపించకపోయినా ఫర్వాలేదని రాయి, మనస్ఫూర్తిగా రాయి. ఫేస్‌బుక్‌లో ఊరి గ్రూపుంటే అడుగు గానీ, ఆవిడ పేరూ కుటుంబం సంగతులూ అందులో పెట్టకు. వాళ్ల సంగతులు పదిమందిలో పెట్టే హక్కు మనకి లేదు.

వెళ్లేది ఆదివారం పెట్టుకో. ప్రార్థన అయ్యాక చర్చిలో కాఫీ ఇస్తారు, పెద్దవాళ్లు అప్పుడే దొరుకుతారు. పోస్టాఫీసు ఎవరిదో ఇల్లయిపోయి ఉండొచ్చు, ఎర్ర ఫోను డబ్బాలో పుస్తకాలు పెట్టి ఉండొచ్చు, కంగారుపడకు.

ఇంకో మాట. మీ నాన్న తీసిన స్లైడ్లు మీ అమ్మ బీరువాలో పై అరలో ఉన్నాయి. పంటల పండగకి గోధుమ కంకుల కట్టలా చేసిన పెద్ద బ్రెడ్డు పట్టుకుని ఆవిడ నవ్వుతున్నది ఒకటుంది, పక్కన నువ్వూ, ఆ మనవరాలూ. ఆ నవ్వు వాళ్లింట్లో ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. నువ్వు అడగడానికే కాదు, ఇవ్వడానికి కూడా వెళ్తున్నావు. ఈ వారమే స్కాన్ చేయించి, రెండేసి ప్రింట్లు తీయించు, వెనక పెన్సిల్‌తో సంవత్సరం రాయి. అసలు స్లైడ్లు మాత్రం బీరువాలోనే ఉంచు, సూట్‌కేసులో పెట్టకు.

మీ పెద్దమ్మ