మృగశిర రాకముందే వైపర్లు మార్చుకో

అమ్మలూ,

మొన్న నీ కారెక్కినప్పుడే చూశాను. నీళ్ళు కొట్టి వైపర్ వేస్తే కీచుమంటూ అద్దమంతా చారలు పెట్టింది. రాత్రిపూట వానలో ఎదురు లారీ లైట్లు ఆ చారల మీద పడితే రోడ్డే కనపడదు. నువ్వేమో వేసవంతా కారు ఎండలోనే పెట్టావు, ఆ రబ్బరు పెళుసెక్కక ఏం చేస్తుంది! మెకానిక్ దాకా అక్కర్లేదు, పది నిమిషాల్లో నువ్వే మార్చేసుకోవచ్చు.

కొనబోయే ముందు పాత బ్లేళ్ళు రెండూ టేపుతో కొలిచి అంగుళాలు రాసుకో. రెండూ ఒకటే సైజు అనుకునేవు, చాలా కార్లలో డ్రైవర్ వైపుది పొడుగ్గా ఉంటుంది. బ్లేడు తగిలించే కొక్కేన్ని కూడా ఫోటో తీసి షాపులో చూపించు. నీ కారుది గొడుగు పిడిలా వంగిన మామూలు కొక్కెమే, సులువుగా దొరుకుతుంది.

ఇక అసలు జాగ్రత్త. ఆర్మ్, అంటే బ్లేడుని పట్టి ఉంచే ఇనుప కడ్డీ, పైకి లేపగానే కింద అద్దం మీద మందపాటి తువ్వాలు నాలుగు మడతలేసి పరుచు. ఒకసారి నేను బ్లేడు ఊడదీసి, ఆర్మ్‌ని అలాగే నిలబెట్టి, కొత్త ప్యాకెట్ చించుతున్నాను. చెయ్యి తగిలిందో ఏమో, స్ప్రింగు బలానికి ఆ ఇనుప ఆర్మ్ ఠప్పున పడి అద్దం సాలెగూడులా చిట్లింది. వందల్లో అయ్యే పని వేలల్లోకి పోయింది. మీ అత్తయ్య ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతూనే ఉంటుంది.

బ్లేడు మధ్యలో చిన్న నొక్కుడు ఉంటుంది. అది నొక్కిపట్టి బ్లేడుని కిందికి, అంటే ఆర్మ్ మొదలు వైపుకి లాగితే కొక్కెంలోంచి జారి వస్తుంది. రాకపోతే బలం చూపించకు, నొక్కుడు పూర్తిగా దిగలేదన్నమాట. కొత్తది అదే దారిలో పైకి లాగు, టక్కుమనాలి. ఆ చప్పుడు రాకపోతే నడి రోడ్డు మీద ఊడి ఎగిరిపోతుంది. రబ్బరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటే తీసెయ్. ఆర్మ్‌ని వదిలెయ్యకుండా చేత్తో పట్టుకుని మెల్లగా దించు. ఒక వైపు పూర్తయ్యాకే రెండోది ముట్టుకో.

అద్దం మీద మీ బోరు నీళ్ళ తెల్ల మరకలున్నాయి. బ్లేళ్ళు బిగించే ముందు వెనిగర్ గుడ్డతో తుడువు, లేకపోతే కొత్తవీ కీచుమంటాయి. అంతా అయ్యాక నీళ్ళు కొట్టి వేసి చూడు, పొడి అద్దం మీద మాత్రం వెయ్యకు.

వెనకద్దం వైపర్ బిగింపు వేరు. దాన్ని కెలక్కు, నేనొచ్చినప్పుడు చూద్దాం.

మామయ్య