వైద్యం చదువుతూ ఆప్టికల్ ఇమేజింగ్ పరిశోధనకు వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వైద్య విద్య మూడో సంవత్సరంలో ఉంది. భౌతికశాస్త్రమంటే ప్రాణం. కాంతితో శరీరం లోపలి భాగాలను చూపించే పరికరాలు రూపొందించే పరిశోధనలోకి వెళ్తానంటోంది. ఇటు డాక్టరూ కాక, అటు ఇంజినీరూ కాక రెంటికి చెడ్డ రేవడి అవుతుందేమోనని మా భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు భయపడుతున్న ఆ నడిమి చోటు నుంచే ఈ రంగంలోని గొప్ప ఆవిష్కరణల్లో ఒకటి వచ్చింది. కంటి వెనుక భాగంలో ఉండే రెటీనా అనే పొరలోని అంతర్పొరలను విడివిడిగా చూపించే ఓసీటీ (ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ) స్కాన్‌ను పరిచయం చేసిన పరిశోధన పత్రం 1991లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. దాని మొదటి రచయిత డేవిడ్ హువాంగ్ అప్పటికి వైద్యం, పీహెచ్‌డీ కలిపి చదువుతున్న విద్యార్థి. ఆ పనికి ఆయనతో పాటు జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్‌లకు 2023లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం దక్కింది. నడుమ 32 ఏళ్లు గడిచాయి. ఈ దారిలో ఓపిక ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

అక్కడ రెండు చదువులూ ఎందుకు కావలసివచ్చాయో చూడండి. సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలోనే కాంతి 0.3 మిల్లీమీటర్లు దాటిపోతుంది. రెటీనా మందం దాదాపు అంతే. ఏ పొర నుంచి కాంతి ఎంత ఆలస్యంగా తిరిగొచ్చిందో ఎలక్ట్రానిక్ పరికరాలతో నేరుగా కొలవడం అయ్యే పని కాదు. అందుకే కాంతిని రెండు పాయలుగా చీల్చి, ఒకదాన్ని కంట్లోకి, మరొకదాన్ని అద్దం మీదికి పంపి, తిరిగొచ్చిన రెండూ కలిసినప్పుడు కలిగే వ్యతికరణాన్ని, అంటే తరంగాలు ఒకదానినొకటి బలపరచుకోవడం లేదా తగ్గించుకోవడాన్ని చదువుతారు. ఈ కిటుకు భౌతికశాస్త్రానిది. ఏ పొర పలచబడితే కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా జబ్బును అనుమానించాలి, రోగి ఎంతసేపు కన్ను కదపకుండా ఉండగలడు అన్నవి మాత్రం రోగులను చూసిన వారికే తెలుస్తాయి. మీ అమ్మాయి బలం రెండు పట్టాల్లో కాదు, అలాంటి ప్రశ్నను పట్టుకోగలగడంలో ఉంటుంది.

కాబట్టి వైద్యాన్ని సగంలో వదలనివ్వకండి. స్పెషాలిటీని కూడా ఆలోచించి ఎంచుకోవాలి. కణజాలంలో కాంతి త్వరగా చెదిరిపోతుంది. కంటి బయట ఓసీటీ సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు వరకే స్పష్టంగా చూపుతుంది. అందుకని కాంతి సులువుగా చేరగల చోట్లే అవకాశాలు ఎక్కువ: కన్ను, చర్మం, ఎండోస్కోపీతో చూసే జీర్ణాశయం, సన్నని గొట్టం ద్వారా చేరే గుండె రక్తనాళాలు. మెదడు శస్త్రచికిత్సలోనూ మంచి పని జరుగుతోంది. రోగికి ముందుగా ఒక మందు తాగిస్తే, కొన్ని రకాల కణితులు నీలి కాంతిలో ఎర్రగా మెరుస్తాయి. ఎక్కడివరకు కోయాలో సర్జన్‌కు ఆ మెరుపు చూపిస్తుంది.

ఇష్టం నిజమైనదో కాదో తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి మార్గం ఒక్కటే. ఈ సెలవుల్లో ఏదైనా ఆప్టిక్స్ ప్రయోగశాలలో పనిచేయనివ్వండి. చీకటి గదిలో అద్దం మరను వెంట్రుకవాసి తిప్పుతూ వ్యతికరణ చారలు ఎప్పుడు కనబడతాయా అని గంటల తరబడి ఎదురుచూడాలి. కణజాలానికి బదులుగా జెలటిన్ ముద్దలు పోసి వాటి మీద పరీక్షించాలి. తీరా సంకేతం రాకపోతే, కాంతిని మోసే ఫైబర్ కొసన అంటిన దుమ్మే కారణమని సాయంత్రానికి తేలవచ్చు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాలనిపిస్తే ఈ రంగం ఆమెదే. తెర మీది చిత్రాలు మాత్రమే నచ్చితే, ఆ పరికరాలను వాడే మంచి వైద్యురాలిగా స్థిరపడవచ్చు. అదీ గౌరవమైన దారే.

ఈలోగా లీనియర్ ఆల్జీబ్రా, ఫోరియర్ విశ్లేషణ (సంకేతాన్ని వేర్వేరు తరంగాలుగా విడదీసే గణితం), పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. వైద్య కళాశాలలో ఇవి ఎవరూ పట్టుబట్టి చెప్పరు. వైద్యం, పీహెచ్‌డీ కలిపి చేసే కోర్సులున్నాయి. వైద్యం పూర్తయ్యాక విడిగా పీహెచ్‌డీ చేసినా నష్టం లేదు.

డబ్బు సంగతీ దాచను. సొంత ప్రయోగశాల చేతికొచ్చేసరికి నలభై దగ్గరపడటం మామూలే. ప్రాక్టీసు పెట్టిన తోటివారు అప్పటికి ఎక్కువే సంపాదిస్తుంటారు. అంతకన్నా పెద్ద చిక్కు సమయంతో వస్తుంది. రోగుల రద్దీ పెరిగినప్పుడు ముందు కోతపడేది పరిశోధనకే. ఉద్యోగంలో చేరేముందు వారంలో ఎన్ని రోజులు పూర్తిగా ప్రయోగశాలకు వదులుతారో అడిగి, ఆ మాట నియామక పత్రంలో రాయించుకోమని ఆమెకు ఇప్పుడే చెప్పండి.