సబ్మిట్ నొక్కాకే అసలు పని మొదలయ్యేది

ప్రశ్న: సార్, నేను ఖమ్మంలో బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. మా కాలేజీలో ఫెస్ట్ అయినా బ్లడ్ క్యాంప్ అయినా రిజిస్ట్రేషన్ గూగుల్ ఫామ్ నేనే చేస్తా, వచ్చిన ఎంట్రీలు సర్ది సార్లకి ఇచ్చేదీ నేనే. ఈ పని చాలా ఇష్టం. మా అన్నయ్యేమో ఫామ్ చెయ్యడం కూడా ఒక పనేనా, బ్యాంక్ కోచింగ్‌లో చేరు అంటున్నాడు. దీంతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమ్మా, మీ అన్నయ్య చెప్పిందాంట్లో సగం నిజమే. పది ప్రశ్నలు టైప్ చేసి లింక్ వాట్సాప్‌లో పడెయ్యడం ఎవరికైనా వచ్చు, దానికి ఎవరూ జీతం ఇవ్వరు. కానీ నువ్వు ఇంకో మాట కూడా రాశావ్ చూడు, వచ్చిన ఎంట్రీలు సర్ది ఇస్తా అని, ఉద్యోగం ఉన్నది అక్కడే.

నాకు జరిగింది చెప్తా. కొన్నేళ్ల క్రితం డిగ్రీ పిల్లల ట్రైనింగ్‌కి ఒక ఫామ్ పెట్టాం, పేరు, ఫోన్ నంబర్, ఊరు, అంతే. మా వాలంటీర్ చేశాడు, నేనూ చూసి ఓకే అన్నా. అందులో జవాబుల సారాంశాన్ని నింపినవాళ్లందరికీ చూపించే సెట్టింగ్ ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉండిపోయింది, ఇద్దరం గమనించలేదు. ఫామ్ నింపిన ప్రతివాళ్లకీ అంతకుముందు నింపినవాళ్ల పేర్లూ నంబర్లూ కనిపించాయి. రెండ్రోజుల తర్వాత ఒకమ్మాయి ఫోన్ చేసి, సార్ నాకు తెలియని నంబర్ల నుంచి రాత్రిపూట మెసేజ్‌లు వస్తున్నాయి, నంబర్ మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు అంది. ఆ అమ్మాయి చివరికి సిమ్ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఎవరు ఫామ్ చేసినా లింక్ బయటికి వెళ్లేముందు నేనే వేరే ఫోన్‌లో, వేరే అకౌంట్‌తో నింపి చూస్తా, సబ్మిట్ కొట్టాక ఏం కనిపిస్తోందో చూస్తా. నువ్వు కూడా ఇప్పుడే వెళ్లి నీ పాత ఫామ్‌లన్నీ ఓసారి చూడు, జవాబులన్నీ చేరే రెస్పాన్స్ షీట్ లింక్ ఎవరెవరి దగ్గరుందో కూడా చూడు, ఫెస్ట్ అయిపోయి ఏడాదైనా ఆ షీట్ అలాగే ఓపెన్‌గా ఉంటుంది చాలా కాలేజీల్లో.

ఇక ప్రశ్నలు అడగడం గురించి. మన పేర్లే తీసుకో, ఇంటిపేరు ముందుంటుంది, చాలామందికి అది ఒక్క అక్షరమే, కె అనో జి అనో. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెట్టి ఒక్కోదాంట్లో కనీసం రెండక్షరాలు ఉండాలని రూల్ పెడితే మనవాళ్లు ఏం చెయ్యాలి? బస్టాండ్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో ఒక తల్లి, కూతురు సరిగ్గా ఆ గడి దగ్గరే ఇరవై నిమిషాలు ఇరుక్కుపోవడం నేను చూశా, ఎర్ర అక్షరాల్లో ఇన్వాలిడ్ అని వస్తోంది తప్ప ఏం తప్పో చెప్పదు, వాళ్లు తమదే తప్పనుకుని భయపడుతున్నారు. సర్టిఫికెట్లో ఉన్నట్టు పూర్తి పేరు అని ఒక్క గడి పెడితే అయిపోయేది.

నీ బ్లడ్ క్యాంప్ ఫామే చూద్దాం. చివరిగా రక్తం ఎప్పుడిచ్చారు అని ఖాళీ గడి పెడితే పోయిన దసరాకి అని రాస్తారు, ఒకరు 03/04 అని రాస్తారు, అది మార్చో ఏప్రిలో నీకు తెలీదు. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు గ్యాప్ ఉండాలి కాబట్టి క్యాలెండర్ నుంచి తేదీ ఎంచుకునేలా పెడితే లెక్క షీటే చేస్తుంది. వయసు బదులు పుట్టినతేదీ, బ్లడ్ గ్రూప్‌కి డ్రాప్‌డౌన్, అందులో తెలియదు అనే ఆప్షన్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఏదో ఒకటి నొక్కేస్తారు. ఆధార్ నంబర్ మాత్రం అడగొద్దు, దాంతో నీకు పనిలేదు. పనిలేని సమాచారం దగ్గర పెట్టుకుంటే దానికి కాపలా కూడా నువ్వే కాయాలి.

ఎక్సెల్ దగ్గర కూడా జాగ్రత్త. పన్నెండంకెల నంబర్‌ని అది 1.23E+11 లాగా చూపిస్తుంది, ముందున్న సున్నాలు తీసేస్తుంది, 15 అంకెలు దాటిన బ్యాంక్ అకౌంట్ నంబర్ అయితే ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది, ఒరిజినల్ లేకపోతే ఇక దొరకదు. అందుకే లెక్కలు చెయ్యని నంబర్ ఏదైనా టెక్స్ట్‌గానే పెట్టాలి. ఇది తెలిసిన మనిషి ఆఫీసులో ఉంటే ఎంత డబ్బు తప్పు అకౌంట్‌కి పోకుండా ఆగుతుందో నీకు ఉద్యోగంలో చేరాక అర్థమవుతుంది.

ఫామ్ డిజైనర్ అనే పేరుతో ఉద్యోగాలు వెతికితే పెద్దగా దొరకవు. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (అంటే ఆఫీసు డేటా సర్ది రిపోర్టులు చేసేవాళ్లు), డేటా కోఆర్డినేటర్ అని వెతుకు, బీకాం వాళ్లని తీసుకుంటారు. ఊళ్లల్లో సర్వేలు చేసే ఎన్జీవోలు కోబోటూల్‌బాక్స్, ఓడీకే అనే సర్వే ఫామ్ టూల్స్ వాడతాయి, నెట్ లేనిచోట ఫోన్‌లో నింపి సిగ్నల్ వచ్చాక పంపొచ్చు, రెండూ ఫ్రీగా నేర్చుకోవచ్చు, ముందు అవే మొదలుపెట్టు.

డెవలపర్ వైపు వెళ్లాలంటే ఇంకో ఏడాది కష్టపడాలి. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, పైథాన్ లేదా పీహెచ్‌పీ, డేటాబేస్‌కి ఆదేశాలిచ్చే భాష ఎస్‌క్యూఎల్, ఇవి నేర్చుకోవాలి. గూగుల్ ఫామ్ వెనక దాచిపెట్టినవన్నీ అప్పుడు నువ్వే రాయాలి. బ్రౌజర్‌లో పెట్టిన చెకింగ్‌ని ఎవడైనా దాటెయ్యొచ్చు కాబట్టి సర్వర్‌లో మళ్లీ చెక్ చెయ్యాలి, జనం రాసిన మాటని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదు, నెట్ స్లోగా ఉందని రెండుసార్లు సబ్మిట్ కొట్టినా ఒక్క ఎంట్రీయే పడాలి, మనుషులకి కనిపించని గడి ఒకటి పెడితే రోబో ప్రోగ్రాములు దాన్ని కూడా నింపి దొరికిపోతాయి. ఇవన్నీ కలిపి ఒక చిన్న ఫామ్ సొంతంగా చేసి చూపిస్తే ఇంటర్వ్యూలో పది నిమిషాలు నువ్వే మాట్లాడొచ్చు.

ఒక చట్టం కూడా చదువు. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబర్లో నోటిఫై చేశారు, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నామో స్పష్టంగా చెప్పాలి, 18 ఏళ్లలోపు పిల్లలదైతే అమ్మానాన్నల అంగీకారం కావాలి, భద్రత సరిగ్గా చూసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. సమాచారం దాచుకునే ప్రతి కంపెనీకీ ఈ విషయం తెలిసిన మనుషులు కావాలి.

బ్యాంక్ కోచింగ్ గురించి అన్నయ్యతో గొడవ పడకు. ఆరు నెలలు టైమ్ అడుగు. ఈలోపు బ్లడ్ క్యాంప్ ఫామ్‌ని నేను చెప్పినట్టు మార్చి మీ కాలేజీ అటెండర్ గారి చేతికి ఫోన్ ఇచ్చి నింపమను, పక్కన కూర్చో, ఏం చెప్పకు, ఆయన వేలు ఎక్కడ ఆగిందో ఒక పేపర్ మీద రాసుకో. ఆ పేపర్ ఫోటో, ఫామ్ లింక్ నాకు పంపు, తర్వాత ఏం నేర్చుకోవాలో అవి చూసి చెప్తా.