డిస్నీ వరల్డ్ ముందు చిన్న పార్కు ఎలా నిలబడుతుంది?

పెద్ద రిసార్టులు ఉండగా చిన్న థీమ్ పార్కుకు ఎవరొస్తారని అడిగారు. వచ్చేవాళ్లే వేరు. డిస్నీకి వెళ్లాలంటే చాలామందికి విమానం టికెట్లు, హోటలు, రోజుల తరబడి సెలవు కావాలి. చిన్న పార్కుకు పొద్దున కారెక్కి రాత్రికి ఇల్లు చేరే కుటుంబాలే ఆధారం. వాళ్లు మళ్లీ మళ్లీ రావాలి, కిటుకంతా అక్కడే ఉంది.

అమెరికాలోని ఇండియానాలో శాంటా క్లాజ్ అనే ఊరుంది (నిజంగా ఊరి పేరే!). అక్కడి హాలిడే వరల్డ్ 1946లో మొదలైంది. 2000 నుంచి అందులో కూల్‌డ్రింకులు ఎన్ని తాగినా ఉచితం. పార్కింగు, సన్‌స్క్రీన్ కూడా అంతే. గ్లాసుడు డ్రింకుకు పార్కుకయ్యే ఖర్చు తక్కువే. కానీ మండుటెండలో పిల్లాడు మూడోసారి అడిగినా నాన్న పర్సు తడుముకోనక్కర్లేదు. నా దృష్టిలో అంతకు మించిన ప్రకటన లేదు.

రైడ్లలో మాత్రం పెద్ద పార్కులను చూసి వాతలు పెట్టుకోకూడదు. అన్నీ కొంచెం కొంచెం పెట్టేకంటే, ఇంకెక్కడా దొరకనిది ఒకటి చాలు. హాలిడే వరల్డ్ 2006లో 'ది వాయేజ్' అనే చెక్క రోలర్ కోస్టర్ కట్టింది. పొడవు దాదాపు 2 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలకు అక్కడి కొండవాలునే వాడుకున్నారు. కోస్టర్ పిచ్చోళ్లు ఎంత దూరం నుంచైనా దానికోసం వస్తారు.

అమెరికాలోనే పెన్సిల్వేనియాలో 1926లో మొదలైన కనోబెల్స్ పార్కు దారి ఇంకోటి. గేటు దగ్గర టికెట్టే లేదు, ఎక్కిన రైడుకే డబ్బు. మనవల్ని చూస్తూ బెంచీ మీద కూర్చునే నానమ్మకు పైసా ఖర్చుండదు.