ఉచిత శాటిలైట్ చిత్రాలతో మన జిల్లాల్లో ఖనిజాలు కనిపెట్టొచ్చా?

శ్రీకాకుళం వైపు ఉచిత శాటిలైట్ చిత్రాలతోనే లిథియం, నియోడిమియం లాంటి కీలక ఖనిజాలు కనిపెట్టొచ్చా అని ఒకరు అడిగారు. కనిపెట్టలేం. ఎక్కడ తిరిగి చూడాలో మాత్రం బాగా తేల్చుకోవచ్చు.

పీజీ ప్రాజెక్టుకి నేను విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల పని చేశాను. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ మాంగనీసు తవ్విన ప్రాంతం అది. ఐరోపా వాళ్ల ఉచిత శాటిలైట్ సెంటినెల్-2 ఒక్కో రకం వెలుగుని ఒక్కో బ్యాండుగా విడిగా నమోదు చేస్తుంది. అందులో నాలుగో బ్యాండును (ఎరుపు) రెండో బ్యాండుతో (నీలం) భాగిస్తే ఇనుప ఆక్సైడున్న నేల వెలుగుతుంది. మన దగ్గర అదే చిక్కు. దున్ని వదిలేసిన ఎర్రమట్టి పొలం, ఇటుకల బట్టీ, పాత గని మట్టిదిబ్బ, అన్నీ ఒకేలా వెలుగుతాయి. అందుకే కంటికి కనబడని పరారుణ వెలుగు బ్యాండ్లు పదకొండును పన్నెండుతో భాగించి బంకమట్టి ఖనిజాలున్న చోట్లు కూడా చూశాం. మన తూర్పు కనుమల్లో ఉండే ఖొండలైటు రాయి కుళ్లితే తెల్ల సుద్ద వస్తుంది కదా. రెండు లెక్కల్లోనూ వెలిగిన చోటికే నడిచాం. ఒక గెడ్డ ఒడ్డున దొరికిన రాయి చూడ్డానికి మామూలుగానే ఉంది, చేతిలోకి తీసుకుంటే బరువు, వేళ్లకి మసిలా నలుపు అంటుకుంది. మాంగనీసు ఆక్సైడు అని అక్కడే అర్థమైంది. ఆ నలుపు ఏ మ్యాపులోనూ కనబడదు.

చిత్రం ఎంచుకునేటప్పుడు వరికోతలయ్యాక, వానలకి ముందు, మబ్బులేని రోజు చూసుకోండి. జీడి, సరుగుడు తోటల కింద ఏముందో ఏ నెలలోనూ తెలీదు.

ఇక మీ భావనపాడు, కళింగపట్నం ఇసుక. అందులోని ఇల్మనైటు (టైటానియం ఉన్న ఖనిజం) నల్లగా ఉండి వెలుగుని దాదాపు మింగేస్తుంది, ప్రత్యేకమైన గుర్తు ఇవ్వదు. అదే ఇసుకలో ఉండే మొనజైటు అనే ఖనిజంలోని నియోడిమియం లోహం 740, 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగుని పీల్చుకుంటుంది కానీ, సెంటినెల్ బ్యాండ్లు అంత సన్నని తేడా పట్టలేవు. 2022లో ఎగిరిన ఎన్‌మ్యాప్ లాంటి హైపర్‌స్పెక్ట్రల్ శాటిలైట్లకి సన్నని బ్యాండ్లున్నా, చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 30 మీటర్లు. ఇసుకలో మొనజైటు చాలా తక్కువ కాబట్టి ఆ గుర్తు మిగతా ఇసుక వెలుగులో కలిసిపోతుంది. తీరంలో శాటిలైట్ అసలు ఉపయోగం వేరు: సముద్రం వెనక్కి జరిగినప్పుడు మిగిలిన పాత ఇసుక దిబ్బల వరుసలు గీసుకోవడం. నమూనాలు వాటి మీద తీయాలి.

'మీ పొలంలో లిథియం శాటిలైట్‌లో కనబడింది' అని రిపోర్టుకి డబ్బడిగేవాళ్లకి దయచేసి రూపాయి ఇవ్వకండి. మీరే జియలాజికల్ సర్వే వారి భూకోశ్‌ సైట్‌లో రాళ్ల మ్యాపు తెచ్చుకుని, ముందు తెలిసిన పాత గనుల మీద మీ బ్యాండ్ల లెక్క సరిపోతోందో లేదో చూడండి. అక్కడే సరిపోకపోతే కొత్త చోటికి వెళ్లొద్దు.