పాత సామాన్ల సంతలో వెతికితే మంచి నాణేలు నిజంగా దొరుకుతాయా?

దొరుకుతాయి. ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం పన్నెండేళ్ళుగా ఆదివారాలు పాడుచేసుకోవడం ఒక్కటే. అయితే మీరు ప్రశ్నలో "విదేశీ నాణేల్లో ఏ సంవత్సరానికి ముందువి కొంటే మంచిది?" అని కూడా అడిగారు. నాకు పేచీ అక్కడే. సంవత్సరం చూసి కొనేవాళ్ళంటే సంతలో అమ్మేవాళ్ళకి చాలా ఇష్టం. ఒకప్పుడు నేనన్నా ఇష్టమే.

అది నేను ఈ పిచ్చిలో పడ్డ రెండో ఏడు. మొదటి ఏడు మనకేమీ తెలియదని తెలుస్తూ ఉంటుంది. రెండో ఏడు అంతా తెలిసిపోయిందనిపిస్తుంది. జేబుకి చిల్లు పడేది రెండో ఏడే.

సంత చివర, ఎండ తగలని మూల చూసుకుని ఓ పెద్దాయన గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. చెవుల్లేని తాళంకప్పలు, కప్పల్లేని తాళంచెవులు, ఆగిపోయిన గడియారాలు, జత తప్పిన చెంచాలు. వాటి పక్కన ఒక రేకు డబ్బా నిండా చిల్లర. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి కెలకడం కన్నా సుఖమైన పని లోకంలో ఇంకోటి ఉందంటే నేను ఒప్పుకోను. అందులో ముప్పాతిక వంతు అల్యూమినియం బిళ్ళలే ఉంటాయి, చెయ్యి పెడితే ఎండుటాకుల్లో పెట్టినట్టు ఉంటుంది. ఆరోజు ఆ ఆకుల అడుగున ఒక రాయి తగిలింది.

పైకి తీశాను. పెద్దది, బరువైనది. ఒకవైపు తలమీద ముసుగుతో నిండుగా, లావుగా ఉన్న ఒక మహారాణి. రెండోవైపు రెండు తలల గద్ద. చుట్టూ ఉన్న అక్షరాల చివర 1780.

1780! ఫ్రెంచి విప్లవానికి తొమ్మిదేళ్ళ ముందు! చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది.

సంతలో బేరానికి అందరికీ తెలిసిన నాటకం ఒకటుంది. కావలసినదాన్ని పట్టించుకోనట్టు పక్కన పడేసి, అక్కర్లేనివి మూడు ఏరి, వాటికి బేరమాడి, చివర్లో "సరే, ఇది కూడా కలిపి ఇచ్చెయ్" అనాలి. నేను ఆ మూడూ ఏరాను. ఒకటి మధ్యలో చిల్లున్నది, ఒకటి అల్యూమినియంది, ఒకటి బొటనవేలి గోరంత ఉండి పొగచూరినట్టు నల్లబడిన చిక్కురాత బిళ్ళ. ముఖం మామూలుగా పెట్టి, "ఇవి ఎంత పెద్దాయనా?" అన్నాను.

"ఆ మూడూ ఊరికే తీసుకో బాబూ. ఆ అమ్మగారికి మాత్రం డబ్బులివ్వు. ఇందాకట్నుంచీ నీ చెయ్యి వణుకుతోంది" అన్నాడు.

అడిగినంత ఇచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. అయస్కాంతానికి అంటుకోలేదు. చిన్న డిజిటల్ కాటా మీద పెడితే 28 గ్రాములు దాటింది, ఉండాల్సింది 28.07. అంచు మీద గీతలు లేవు, మామూలుగా కొట్టే నకిలీల్లో కనిపించని పొంగు అక్షరాలున్నాయి. అంటే నకిలీ కాదు. ఆవిడ ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా, నాణెం పేరు థాలర్. డాలర్ అనే మాట పుట్టింది థాలర్ అన్న మాట నుంచేనని చదివి ఇంకా పొంగిపోయాను. అర్ధరాత్రి మా ఆవిడని లేపి చూపిస్తే "పొద్దున్న చూస్తాలెండి" అంది. పొద్దున్న చూసి "మీ పెద్ద మేనత్తలా ఉంది" అంది. నిజం చెప్పాలంటే ఉంది కూడా.

మూడో రోజు దాన్ని మెత్తని గుడ్డలో చుట్టుకుని ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళుగా నాణేలు పోగేస్తున్న మనిషి. ఆయన భూతద్దం కూడా తియ్యలేదు. అటూ ఇటూ ఒకసారి తిప్పి, "వెండి అసలుదే. నాణెమూ అసలుదే. సంవత్సరం ఒక్కటే అబద్ధం" అన్నారు. అలా అన్నాక తీరిగ్గా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు నచ్చదు.

సంగతేమిటంటే, మరియా థెరీసా 1780 నవంబరులో చనిపోయింది. కానీ ఎర్రసముద్రం చుట్టుపక్కల, అరేబియాలో, ఇథియోపియాలో వర్తకులకి ఆవిడ బొమ్మున్న ఈ వెండి నాణెం మీదే గురి. వేరే బొమ్మ, వేరే సంవత్సరం చూపిస్తే వాళ్ళకి నమ్మకం కుదరదు. దాంతో ఆస్ట్రియా వాళ్ళు ఆవిడ పోయాక కూడా అదే బొమ్మతో, అదే 1780 తో కొడుతూనే పోయారు. 1935 లో ముస్సోలినీ ఇథియోపియా మీదికి దండెత్తేటప్పుడు ఆ అచ్చులు ఆస్ట్రియా నుంచి తెప్పించుకుని రోమ్‌లో కొట్టించాడు. అది చూసి బ్రిటన్ 1936 నుంచి లండన్‌లో మొదలుపెట్టింది. పారిస్, బ్రస్సెల్స్ కూడా కొట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చివరికి బొంబాయి టంకశాల కూడా కొట్టింది. ఇన్ని ఊళ్ళలో ఇన్నేళ్ళపాటు కొట్టినా అన్నిటి మీదా 1780 ఏ. ఏది ఎక్కడిదో తేల్చాలంటే ఆవిడ భుజం మీది పిన్నునీ, గద్ద తోక ఈకల్నీ భూతద్దంతో చూడాలి. నాది 1935 తర్వాత కొట్టిందేనని మాస్టారు తేల్చేశారు. ఏ ఊరిదో తేల్చే పని నాకు వదిలేశారు. ఇప్పటికి నేను మూడుసార్లు అభిప్రాయం మార్చుకున్నాను.

తర్వాతి ఆదివారం పెద్దాయన దగ్గరికి గొడవకే వెళ్ళాను. "1780 దని నేను చెప్పానా బాబూ? నువ్వే చదువుకున్నావు" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

నాణెం మీద సంవత్సరమంటే పుట్టినరోజు సర్టిఫికెట్ అనుకుంటాం. కాదు, అది టంకశాలవాళ్ళు తమ అవసరం కొద్దీ వేసుకున్న అంకె. విక్టోరియా రాణి వెండి రూపాయి చూడండి. 1862 అని వేసి పదేళ్ళకు పైగా అదే సంవత్సరంతో కొట్టారు, 1874 కి గానీ ఏ ఏటికా ఏడు వెయ్యడం మొదలుకాలేదు. 1862 ది దొరికిందని ఎగిరేవాళ్ళకి, అది నిజంగా ఎప్పటిదో తెలియాలంటే దాని మీది చుక్కలు లెక్కపెట్టాలని ఎవరూ చెప్పరు. అమెరికాలో నాణేల కరువొచ్చినప్పుడు 1964 అంకెతోనే వెండి నాణేలు 1965 లోనూ కొట్టారు. నకిలీలు చేసేవాళ్ళకైతే ఈ పట్టింపు కూడా లేదు. అమెరికా ట్రేడ్ డాలర్ అనే వెండి నాణెం అసలు మొదలైందే 1873 లో. సంతల్లో అంతకు ముందు సంవత్సరాలతో కూడా కనిపిస్తుంది, అయస్కాంతానికి పరుగెత్తుకుంటూ వచ్చి అంటుకుంటుంది.

పాతదైతే విలువైనదే అన్న నమ్మకం ఇంకోటి. పదహారు పదిహేడు వందల ఏళ్ళ నాటి రోమన్ కంచు బిళ్ళలు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి వంశం వాళ్ళవి, కుప్పలు తెప్పలుగా మిగిలి ఉన్నాయి. వాటిలో చాలావాటికన్నా నిన్నగాక మొన్న తక్కువ సంఖ్యలో కొట్టినవాటికే గిరాకీ ఎక్కువ. ఎన్ని మిగిలాయి, ఎంత బాగున్నాయి, ఎంతమందికి కావాలి అన్నవే లెక్కలోకి వస్తాయి. వయసు ఆ తర్వాతే.

మరి ఏం చూడాలంటారా? అంచు. సంతలో అందరూ బొమ్మా బొరుసూ చూస్తారు, మూడో వైపు ఎవరూ చూడరు. వెండి వాడకం ఆపేశాక అమెరికా వాళ్ళు 1965 నుంచి కొట్టిన డైములు (పది సెంట్లవి), క్వార్టర్ల (పాతిక సెంట్లవి) అంచు మీద రాగి చార కనిపిస్తుంది. వెండివాటికి ఉండదు. సంవత్సరం చదవకుండానే అర గుప్పెడు చిల్లరని ఒక్క నిమిషంలో వేరుచెయ్యొచ్చు. అచ్చు కొట్టకుండా మూసలో పోసి చేసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత ఉంటుంది. దాన్ని అరగదీసినా అరగదీసిన జాడ ఉంటుంది. బ్రిటన్ షిల్లింగుల దగ్గర మాత్రం నేను తగ్గక తప్పదు. 1946 దాంట్లో సగం వెండి, 1947 దాంట్లో వెండి లేనేలేదు, రాజు అదే, సైజూ అదే. అక్కడ సంవత్సరం నిజమే చెబుతుంది. ఒక్కోసారి చెబుతుంది మరి.

రెండోది, అంకెలు చదవడం నేర్చుకోండి. అమ్మేవాడికి చదవడం రాని నాణెంలోనే మీ అదృష్టం ఉంటుంది. అరబ్బు దేశాల అంకెలు పట్టుమని అరగంట పని. సున్నా చుక్కలా ఉంటుంది, మనం సున్నా అనుకునేది అయిదు. ఏడు ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టుంటుంది. హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్ సంవత్సరంలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే మన లెక్క దాదాపుగా వచ్చేస్తుంది. థాయ్‌లాండ్‌దైతే 543 తీసెయ్యాలి. జపాన్‌వాళ్ళది చక్రవర్తి పాలన లెక్క, షోవా 39 అంటే 1964. హెల్వెషియా అని ఉంటే అదేదో మాయమైపోయిన రాజ్యం కాదు, స్విట్జర్లాండే. మొదట్లో నేను అట్లాస్ అంతా వెతికాను.

ఇక వీడియోల వాళ్ళు. "ఈ నాణెం మీ ఇంట్లో ఉంటే మీరు కోటీశ్వరులే" అని వాళ్ళు చూపించే నాణెం ప్రతి ఇంట్లో ఉండేదే. ప్రతి ఇంట్లో ఉండేదానికి కోటి ఎవడిస్తాడు? ఆ వీడియోల పుణ్యమా అని సంతలో ఇప్పుడు చిల్లుపడ్డ టోకెన్‌కి కూడా ధర చెప్పేముందు ఫోన్ తీసి చూస్తున్నారు.

వాళ్ళకన్నా పాపిష్టివాళ్ళు తోమేవాళ్ళు. టూత్‌పేస్టు, నిమ్మరసం, గిన్నెలు తోమే పొడి, ఇత్తడి పాలిష్. వందేళ్ళు పట్టి నాణెం మీద కట్టిన రంగుని అయిదు నిమిషాల్లో గీకేసి "చూడండి సార్, కొత్తదానిలా ఉంది" అంటారు. కొత్తదానిలా ఉంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా. దయచేసి తోమకండి. మట్టి మరీ ఎక్కువగా ఉంటే నీళ్ళలో నానబెట్టి, రుద్దకుండా ఆరబెట్టండి, చాలు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకండి. కొన్నాళ్ళకి పచ్చటి జిగురు కారుతుంది. అది చూసి రాగి చిలుము అనుకుని మళ్ళీ తోముతారు.

ఎక్కడికో వెళ్ళిపోయాను. దొరుకుతాయా అని కదా మీరడిగింది.

మహారాణితో పాటు పెద్దాయన ఊరికే ఇచ్చిన మూడు బిళ్ళలూ ఏడాదిన్నర పాటు నా సొరుగులో ఒక కవర్లో పడి ఉన్నాయి. ఆ అరబ్బు అంకెలు నేర్చుకున్న వారంలో, చదవడానికి ఇంట్లో ఇంకేమీ లేక, ఆ నల్లటి చిక్కురాత బిళ్ళ తీశాను. ఆ చిక్కుముడి టర్కీని ఏలిన ఒట్టోమాన్ సుల్తాన్ ముద్ర, దాన్ని తుగ్రా అంటారు. రెండో వైపు కింద 1293 అని ఉంది. హిజ్రీ లెక్కన 1876. ఇక్కడ మళ్ళీ అదే తిరకాసు, అది నాణెం కొట్టిన ఏడు కాదు, రెండో అబ్దుల్ హమీద్ గద్దెనెక్కిన ఏడు. ముద్ర ఉన్న వైపు చిన్నగా ఇంకో అంకె ఉంది, 27. పాలనలో ఇరవై ఏడో ఏడు. 1293 నే మొదటి ఏడుగా లెక్కేస్తే ఇరవై ఏడోది హిజ్రీ 1319, అంటే మన లెక్కన 1901 ప్రాంతం. కాటా మీద పెడితే దాదాపు రెండు గ్రాముల నలభై. రెండు కురుష్‌ల (కురుష్ అంటే అక్కడి చిల్లర డబ్బు) వెండి నాణెం. ఆ నలుపు పొగ కాదు, వెండికి పట్టే మసక.

అంటే, నేను చెయ్యి వణికించుకుంటూ కొన్న 1780 మహారాణి కన్నా ఊరికే వచ్చిన గోరంత బిళ్ళే వయసులో పెద్దది.

ఇప్పుడు రెండింటినీ ఒకే ఆల్బమ్ పేజీలో పక్కపక్కన పెట్టాను. పెద్దాయన ఇంకా అదే మూల కూర్చుంటాడు. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు. చెబితే వచ్చే ఆదివారం నుంచి ఊరికే ఏదీ ఇవ్వడు.