కైసరు పన్ను, కానుక సంచి: గాజువాక తమ్ముడికి జవాబు

సందేహం: అన్నయ్యా, సెప్టెంబరులో ఇంగ్లండులో ఎం.ఎస్సీ.కి వెళ్తున్నాను. అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రతి రూలూ పాటించడం విశ్వాసిగా నా బాధ్యతేనా? సీనియర్లు లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బిచ్చే పనులు చేస్తున్నారట. తెలుగు సంఘంలో చేరాలా, ఇంగ్లీషు చర్చికి వెళ్లాలా? రాబడిలో దశమభాగం గాజువాకలోని మా చర్చికి పంపాలా, అక్కడే వెయ్యాలా? ఒంటరితనం ఎలా తట్టుకున్నారు? నేను ఇక్కడ క్వయరులో కీబోర్డు వాయిస్తాను.

తమ్ముడూ, వందనాలు.

ఒంటరితనం ఉంటుంది. డిసెంబరు, జనవరిల్లో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ఇంకాస్త ఉంటుంది, మార్చికి తగ్గుతుంది. దానికి భయపడకు. భయపడాల్సింది డబ్బుకి. ఇక్కడికొచ్చిన మన పిల్లల్లో నాస్తికుల మాటలు విని చర్చి మానేసినవాళ్లు నాకు తగల్లేదు. తోటి విశ్వాసి దగ్గర చేబదులు తీసుకుని, ఆదివారం ఆయన ఎదురుపడతాడని మానేసినవాళ్లు మాత్రం చాలామంది తగిలారు.

నీ మొదటి ప్రశ్నకి జవాబు నీకు తెలుసు, నా నోటితో ఇంకోలా చెప్పిద్దామని అడిగావు. డిగ్రీ స్థాయి చదువుకి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడికి, టర్ము నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే పని. మిగతా రూల్సు ఇక్కడి ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకో. అనుమానమొస్తే యూనివర్సిటీలో వీసా సలహా ఇచ్చేవాళ్లని అడుగు, రూమ్మేటుని అడక్కు.

రోమా పత్రిక 13వ అధ్యాయం నీకు సండే స్కూల్లోనే కంఠతా వచ్చుంటుంది. పౌలు అది రాసింది మంచి రాజు రోజుల్లో కాదు, రోమా కైసరు, అంటే చక్రవర్తి, నీరో ఏలుబడిలో. అయినా 'ఎవనికి పన్నో వానికి పన్నును' అనే రాశాడు. అపొస్తలుల కార్యములు 5లో 'మనుష్యులకు కాదు దేవునికే' లోబడాలని పేతురు అన్న మాట కూడా ఉంది కదా అంటావు. ఉంది. అది యేసు పేరున బోధించొద్దని ఆంక్ష పెట్టినప్పుడు అన్న మాట. రెస్టారెంటు వంటగదిలో ముప్ఫయ్యో గంట గిన్నెలు తోమడానికి ఆ వచనం పనికిరాదు.

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక కుర్రాడు అలాగే తోమాడు. ఓనరు మూడు వారాల కూలి ఎగ్గొట్టాడు. అడుగుదామని నేనూ తోడెళ్లాను. ఆ పెద్దమనిషి ఎంతో మర్యాదగా మాకు టీ పోయించి, కౌంటరు మీద ఫోను మావైపు తిప్పి, "ఎవరికి కంప్లయింటు ఇస్తారో ఇచ్చుకోండి" అన్నాడు. కుర్రాడు ఫోను వంక చూశాడు, నేను కుర్రాడి వంక చూశాను. టీ తాగి వచ్చేశాం.

కీబోర్డు సంగతి విడిగా చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వృత్తి చేసుకోకూడదు, డబ్బు తీసుకుని ప్రదర్శనలివ్వకూడదు. వాయిద్యం వచ్చినవాడు దిగాడని తెలిస్తే మనవాళ్లు వదలరు. పెళ్లికి రా, గృహప్రవేశానికి రా అంటారు, వచ్చేటప్పుడు చేతిలో కవరు పెడతారు. ఆరాధనలో ఊరికే వాయించు, ఎంతైనా వాయించు. కవరు మాత్రం తీసుకోకు. ప్రేమతో ఇచ్చామంటారు. ప్రేమ ఉంటే ఓ డబ్బాలో కూర కట్టివ్వమను.

ఇక కానుకల విషయం. ఇది కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను ఫీజు కట్టి నేర్చుకున్న పాఠం. నేను 2004లో వచ్చాను. పౌను 80 రూపాయల పైమాట, తాగే ప్రతి కాఫీనీ 80తో గుణించుకునే రోజులు. మొదట వెళ్లింది మా వీధి చివర బాప్టిస్టు చర్చికి. ఆరాధనయ్యాక హాల్లో టీ ఇస్తారు. అక్కడ గళ్ల స్వెటరు వేసుకున్న ఒక పెద్దావిడ, సంఘం ట్రెజరరు, నా పేరడిగి ఒక ఫారం ముందుంచింది. పక్కన దారంతో టేబులుకి కట్టిన పెన్ను. మన దగ్గర హాజరు పుస్తకంలాంటిదేదో అనుకుని పేరు, అడ్రసు రాసి సంతకం పెట్టేశాను. వారానికొకటి చొప్పున నంబరు వేసిన చిన్న కవర్ల కట్ట ఇచ్చింది. గొప్ప గౌరవం అనుకున్నాను. ప్రతి ఆదివారం 5 పౌన్లు అందులో పెట్టి కానుక సంచిలో వేసేవాణ్ణి.

ఆ ఫారం పేరు గిఫ్ట్ ఎయిడ్. నువ్వు ఇచ్చే కానుక మీద నువ్వు కట్టిన ఆదాయపు పన్నులోంచి కొంత ప్రభుత్వం చర్చికి తిరిగిస్తుంది, ఇప్పుడు పౌనుకి 25 పెన్నీలు. కిటుకు ఏమిటంటే, నువ్వు కనీసం అంత పన్ను ఆ ఏడాది కట్టి ఉండాలి. కట్టకపోతే తేడా నీ దగ్గరే వసూలు చేస్తారు. నేను గంటల లెక్కన షాపులో సర్దిన సంపాదనకి పన్నే పడలేదు. ఈ సంగతి దాదాపు ఏడాది తర్వాత బస్సులో ఊసుపోక ఫారం నకలు వెనకవైపు చదివితే తెలిసింది. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్. పొద్దున్నే ఆవిడ ఇంటికి పోయాను. ఆవిడ పుస్తకం తీసి, స్కేలు పెట్టి నా పేరు మీద గీత గీసి, చర్చి తీసుకున్న సొమ్ము తిరిగి కట్టేస్తుందని చెప్పి, మళ్లీ టీ ఇచ్చింది. తర్వాత అదే చర్చికి చాలా ఏళ్లు లెక్కలు రాసింది నేనే. కొత్త స్టూడెంటు ఎవరొచ్చినా ఆ ఫారం నా చేతి మీదుగా వెళ్లేది కాదు. ఇప్పుడు ఏడాదికి 12,570 పౌన్ల దాకా ఆదాయపు పన్ను లేదు. పార్ట్‌టైము జీతంతో నువ్వు అది దాటడం కష్టం. కానుక వెయ్యి, సంతకం పెట్టకు.

ఇంకో మాట. బ్యాంకు ఇచ్చిన ఎడ్యుకేషన్ లోనులోంచి దశమభాగం తీసే పని చెయ్యకు. చేసినవాళ్లున్నారు. అప్పు రాబడి కాదు, దానికి గాజువాకలో మీ నాన్నగారు వడ్డీ కడుతున్నారు.

ఏ సంఘం అంటావా? పొద్దున నువ్వుండే పేటలోని ఇంగ్లీషు చర్చి, సాయంత్రం తెలుగు సహవాసం. తెలుగు సహవాసం వద్దనను. ప్రభు బల్ల దగ్గర మన పాట వినకపోతే నాకూ ఆదివారం ఆదివారంలా ఉండదు. కానీ సభ్యత్వం మాత్రం పేట చర్చిలో తీసుకో. బాప్టిస్టు చర్చిల్లో సభ్యుల మీటింగుకి లెక్కలు అందరి ముందూ పెడతారు, హీటరు బిల్లుతో సహా. రిజిస్టరైన చారిటీ అయితే, చారిటీల మీద నిఘా ఉంచే చారిటీ కమిషన్ వెబ్‌సైటులోనూ వివరాలు దొరుకుతాయి. మన దగ్గర పాస్టరుగారిని లెక్క అడిగితే విశ్వాసం తగ్గిందంటారు. ఎక్కడ లెక్క చూపిస్తారో అక్కడ కానుక వెయ్యి.

యాస అర్థం కాదని బెంగపడకు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ మన విశాఖలోనే దిగారు. వాళ్లకి తెలుగు ఒక్క ముక్క రాదు. విశాఖవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు, 1812లో వాళ్లు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు బెంగాలులోని సేరంపూరులో అచ్చయ్యాయి. నువ్వు నేర్చుకోవాల్సింది టీ టేబులు దగ్గర నాలుగు మాటలు.

ఆరాధనలో, ముఖ్యంగా ఆంగ్లికన్ చర్చిలో, రాజు కోసం ప్రార్థిస్తారు. ఇదేంటి అనుకోకు. మొదటి తిమోతి 2లో ఉన్నదే, మన దగ్గర ముఖ్యమంత్రి కోసం చేసేదే. ప్రార్థనతో ఆగకు. కామన్వెల్త్ దేశస్థుడివి కాబట్టి మన పాస్‌పోర్టుతోనే ఇక్కడ నీకు ఓటు ఉంది, పార్లమెంటుకి కూడా. పేరు నమోదు చేయించుకో. సండే స్కూల్లో సాయం చేస్తానంటే పోలీసు రికార్డు చూసే డీబీఎస్ చెక్ అడుగుతారు. 'నా మీదే అనుమానమా' అని మొహం మాడ్చుకోకు. పెద్ద పాస్టరుకైనా అదే. వలంటీరుకి ఫీజు కూడా ఉండదు.

తెలుగు సహవాసంలో జాగ్రత్త పడాల్సింది ప్రార్థన మనవుల దగ్గర. ఒక బ్రదరు ఫీజు వాయిదా గురించి ప్రార్థించమంటాడు, బయటికొచ్చాక అప్పడగడానికి నిన్ను పక్కకి పిలుస్తాడు. వెళ్లకు అనను. వంద పౌన్లు దాటితే పెద్దలకి చెప్పమను, చాలా చర్చిల్లో ఇబ్బందిలో ఉన్నవాళ్లకి విడిగా కొంత సొమ్ము ఉంటుంది. తిండికే కష్టమైతే ఊరికే సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకు చూపించు. వీసా మీద పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వమిచ్చే సాయం, వాడకూడదని రాసి ఉంటుంది గానీ ఫుడ్ బ్యాంకు ఆ లెక్కలోకి రాదు, ఇది తెలియక పస్తులున్న పిల్లలున్నారు. అలాగే, ఇంట్లో అందరూ ఫుల్‌టైము స్టూడెంట్లయితే ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే కౌన్సిల్ టాక్సు పడదు. పాపం అని ఉద్యోగం చేసే బ్రదర్ని మీ ఇంట్లోకి తెచ్చుకుంటే ఆ మినహాయింపు పోయి బిల్లొస్తుంది. అది ఆయన కట్టాల్సిందే. తెచ్చుకోకముందే చెప్పు.

దశమభాగం ఇంటికి పంపడం గురించి. నీ చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. నీ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మారిందా, అదే మనిషి, అదే చర్చి, అదే డబ్బు, కానీ విదేశీ విరాళాలని అదుపు చేసే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద విదేశీ విరాళం. పౌరసత్వం మారిన మనవాళ్లకి భారత ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. చర్చికి ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, సొమ్ము ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. నేను బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నాక ఊళ్లో మా చర్చి కట్టడానికి పంపుతానంటే ట్రెజరరు వద్దన్నారు. మా అమ్మ ఖాతాకి పంపి ఆవిడ పేరున వేయిద్దామని ఒకరు ఉపాయం చెప్పారు. బంధువులకి పంపుకోవచ్చు నిజమే, కానీ చర్చికని పంపుతూ అమ్మ పేరు రాయించడం రోమా 13 చదివిన నోటికి నప్పలేదు. పంపలేదు. పై అంతస్తు ఆలస్యంగానే లేచింది, ఊళ్లోవాళ్ల డబ్బుతో.

బయల్దేరేముందు మీ పాస్టరుగారి దగ్గర సభ్యత్వ బదిలీ లెటరు ఇంగ్లీషులో, సంఘం లెటర్‌హెడ్ మీద, సంతకంతో తీసుకో. బాప్తిస్మం తేదీ అందులో ఉండాలి. ఉత్తరంలో ఇన్ని రాశావు గానీ గది అడ్వాన్సు ఎంత కట్టావో, ఎవరికి కట్టావో రాయలేదు. అది ముందు రాయి.